మామిడి తోటలో చెట్టుపనికి లిఫ్టు బండిని అద్దెకు తెచ్చుట

వ్యవసాయాధికారి, బి.యస్‌సి. (అగ్రికల్చర్)

మామిడి మొక్క చిన్నదిగా ఉన్నంత కాలము రైతు నేలమీద నిలబడియే దానికి కావలసిన పనులన్నియు చేయగలడు. చెట్టు వయస్సు 40 సంవత్సరములు దాటి, ఎత్తు 40, 50 అడుగులకు చేరిన పిమ్మట పరిస్థితి మారును. కొమ్మలు ఒకదానితో ఒకటి కలిసిపోయి లోపలికి ఎండ రాదు. కాపు చిటారు కొమ్మలకు పోవును. మందు పిచికారి అంతవరకు చేరదు. బదనిక పట్టిన కొమ్మ కంటికి కనబడుచునే ఉండును గాని కత్తికి అందదు. అప్పుడు మనిషి పైకి పోక తప్పదు.

ఎవరు పోవుదురు? ప్రతి గ్రామములోను చెట్లెక్కుటకు అలవాటు పడిన కూలీలు ఇద్దరు ముగ్గురుందురు. వారు ఒక చేత కొమ్మను పట్టుకొని, మరియొక చేత కత్తిని పట్టుకొని పనిచేయుదురు. నడుమునకు త్రాడైనను ఉండదు.

నేను ఉద్యోగములో చేరిన రెండవ సంవత్సరమున నా పరిధిలోని ఒక గ్రామములో ఇట్టి మనిషి యొకడు మామిడి చెట్టుమీద నుండి పడిపోయెను. ఎత్తు 20 అడుగులకు మించదు. అతడు కాలు మోపిన కొమ్మ పైకి పచ్చగానే ఉన్నది. లోపల కాండము తొలుచు పురుగు తిని గుల్ల చేసినది. వెన్నుపూస దెబ్బతిన్నది. ఆ సంవత్సరము కాపుమీద వచ్చిన సొమ్ములో చాలా భాగమును తోట యజమాని ఆసుపత్రికే పెట్టెను. అయినను ఆ కూలీ నేటికిని నడువలేడు. నేను చూడబోయినప్పుడు అతడన్న మాట ఒక్కటే: "చిన్నప్పటి నుంచీ ఎక్కుతున్న చెట్టేనండయ్యా అది." అలవాటు మనిషికి ధైర్యమిచ్చును గాని కొమ్మకు బలమీయదు.

నిర్మాణపు పనులకును, వీధిదీపముల మరమ్మతులకును వాడు లిఫ్టు బండ్లు ఇప్పుడు పట్టణములలో అద్దెకు దొరకుచున్నవి. ఈ సంఘటన జరిగిన మరుసటి సంవత్సరము ఆ గ్రామములోని కొందరు రైతులు, నా ప్రోత్సాహముతో, ఒక లిఫ్టు బండిని తోటకు తెప్పించిరి. మొదటి దినము మధ్యాహ్నమునకే దాని జాకీ కాలు ఒకటి నేలలోనికి దిగిపోయి బండి ఒక ప్రక్కకు ఒరిగెను. ఆ సమయమున బుట్ట 10 అడుగుల ఎత్తులోనే ఉండుటచేత ఎవరికిని దెబ్బ తగలలేదు. అచ్చట ఏనాడో చచ్చిన చెట్టును వేళ్ళతో పెరికి, ఆ గోతిని చెత్తతోను మట్టితోను పూడ్చియుండిరి. తప్పు యంత్రముది కాదు, నడుపువానిది కాదు. ముందురోజు ఆ తోటనంతయు తిరిగినవాడను నేనే. తల ఎత్తి చెట్లను చూచితిని గాని తల వంచి నేలను చూడలేదు.

ఆనాడు నేర్చుకొన్న సంగతియే ఈ వ్యాసమునకు మూలము. మనిషిని పైకి ఎత్తునది యంత్రము; పైన నిలుపునది నేల. కావున లిఫ్టును గురించి విచారించుటకు ముందు దానిని నిలుపబోవు చోటును గురించి విచారించవలెను.

లిఫ్టు బండ్లలో రకములు

వీటిలో సామాన్యముగా దొరకు రకములు నాలుగు.

1. లారీ లేక చిన్న వాహనముపై అమర్చిన లిఫ్టు. వీధిదీపములకు వాడునది ఇదియే. రోడ్డు ప్రక్క చెట్లకు అనుకూలము. మెత్తని తోట భూమిలోనికి దీనిని దింపుట కష్టము.

2. ట్రాక్టరుతోగాని జీపుతోగాని లాగుకొనిపోవు లిఫ్టు. చోటికి చేరిన తరువాత నాలుగు ప్రక్కలకు జాకీ కాళ్ళు దింపి నిలుపుదురు. రెండు చోట్ల మడతపడు చేయి ఉండుటచే బుట్టను కొమ్మల నడుమకు త్రిప్పవచ్చును. మామిడి తోటకు ఇది తగినది.

3. పట్టాలపై నడచు చిన్న లిఫ్టు. ఇరుకు దారులలో పోగలదు. బరువు ఎక్కువ నేలపై పరచుకొనుటచే నడకలో నేలను తక్కువ త్రొక్కును. కాని ఇది అన్ని ఊళ్ళలోను దొరకదు.

4. కత్తెర వలె మడతలు విప్పుకొనుచు నిలువుగా లేచు సిజర్ లిఫ్టు. సిమెంటు నేలపై పనికి మంచిది. తోటలో వాడరాదు. ఇది ప్రక్కకు చేయి చాచలేదు. ఎగుడుదిగుడు నేలపై నిలువలేదు.

వీటిలో ఏదియు దొరకలేదని కొందరు మట్టి త్రవ్వు జె.సి.బి. బకెట్టులో మనిషిని నిలబెట్టి ఎత్తించుచున్నారు. మరికొందరు ట్రాక్టరు ట్రక్కులో నిచ్చెన నిలిపి ఎక్కించుచున్నారు. ఈ రెండును మానవలెను. బకెట్టు మట్టికొరకు చేసినది. దానికి చుట్టు కడ్డీలు లేవు. నడుపువాని చేయి ఒక్కసారి తొణికినను లోపలివాడు బయటపడును.

ఏ పనికి తేవలెను?

లిఫ్టు అద్దె తక్కువ కాదు. కాబట్టి ప్రతి చిన్న పనికిని దానిని తేనక్కరలేదు. ఈ క్రింది పనులకు అది నిజముగా ఉపయోగపడును.

బదనిక తొలగించుట: బదనిక మామిడి కొమ్మపై బ్రతుకు పరాన్నజీవి. దాని పండ్లను తిన్న పక్షులు జిగురుతో కూడిన గింజలను ఇతర కొమ్మలపై వదలును. అచ్చట అవి మొలకెత్తి, వేరు వంటి భాగమును కొమ్మలోనికి దింపి నీటిని, పోషకములను పీల్చుకొనును. పైకి కనబడు మొక్కను లాగివేసినంత మాత్రమున లాభము లేదు. లోపల మిగిలినది మరల చిగుర్చును. బదనిక అంటుకొన్న చోటికి మూరెడు దిగువన, మంచి కొమ్మ వరకు కోసివేయవలెను. పండ్లు పట్టకముందే కోసినచో వ్యాప్తి ఆగును. ఒక్క చెట్టుపై మిగిల్చినను చుట్టుప్రక్కల తోటలన్నిటికి అదియే విత్తన భాండారము.

నడిమి కొమ్మలు తీయుట: చెట్టు మధ్యలో నిట్టనిలువుగా పోయిన ఒకటి రెండు పెద్ద కొమ్మలను తీసినచో లోపలికి ఎండ, గాలి వచ్చును. నీడలో దాగు తేనెమంచు పురుగునకు చోటు తగ్గును.

ముదురు తోటను పునరుద్ధరించుట: కాపు తగ్గిన ముసలి చెట్ల తలలను తగ్గించి కొత్త కొమ్మలను రప్పించుట. ఇది పెద్ద పని. చెట్టును ఎక్కువగా ఖండించినచో రెండు మూడు సంవత్సరములు కాపు ఆశించరాదు. కావున తోటనంతటిని ఒకేసారి ఖండించక, ఉద్యానాధికారి సలహాపై వరుసల వారీగా చేయవలెను.

గాలివానకు విరిగి పైన చిక్కుకొనియున్న కొమ్మలను తీయుట: వీనికొరకు మనిషిని చెట్టెక్కించుట అన్నిటికంటె ప్రమాదకరము. ఏ వైపు బరువు తూగుచున్నదో ఎక్కినవానికి తెలియదు.

కొబ్బరికాయల దింపునకు మాత్రము లిఫ్టు సాధారణముగా లాభసాటి కాదు. ప్రతి చెట్టు వద్దను బండిని నిలిపి, కాళ్ళు దింపి, మరల ఎత్తవలసి వచ్చును. దానికి చెట్టెక్కు సాధనమే మేలు. ఆ సాధనముపై యువకులకు కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో "కొబ్బరిచెట్టు మిత్రులు" అను శిక్షణ ప్రారంభించినది.

కొలతలు ముందు, బేరము తరువాత

అద్దెకిచ్చువారికి ఫోను చేయుటకు ముందు రైతు మూడు కొలతలు వ్రాసికొనవలెను.

మొదటిది ఎత్తు. చెట్టు కొన ఎంత ఎత్తున ఉన్నదని కాదు, కోయవలసిన చోటు ఎంత ఎత్తున ఉన్నదని చూడవలెను. 45 అడుగుల చెట్టును 20 అడుగుల వద్ద కోయుటకు 60 అడుగుల లిఫ్టు తెచ్చిన రైతు అనవసరముగా అద్దె చెల్లించినవాడగును. చెట్టు ఎత్తును ఎండవేళ సులభముగా కొలువవచ్చును. 6 అడుగుల కర్రను నిలువుగా పాతి దాని నీడను కొలువుడు. అది 4 అడుగులు, అదే సమయమున చెట్టు నీడ 30 అడుగులు ఉన్నదనుకొందము. కర్ర తన నీడకు ఒకటిన్నర రెట్లు గనుక, చెట్టు ఎత్తు 45 అడుగులు. ఇంకొక మాట. లిఫ్టువారు చెప్పు "పని ఎత్తు" బుట్ట అడుగు ఎత్తు కాదు. బుట్ట అడుగు ఎత్తునకు 2 మీటర్లు, అనగా మనిషి చేయి అందు దూరమును కలిపి చెప్పుదురు. ఏ ఎత్తును చెప్పుచున్నారో స్పష్టముగా అడుగవలెను.

రెండవది ప్రక్క దూరము. బండి నిలుచు చోటినుండి కొమ్మ వరకు అడ్డముగా ఎంత దూరమున్నది? పైకి 40 అడుగులు పోవు లిఫ్టు ప్రక్కకు అందులో సగము దూరము మాత్రమే చాచగలుగవచ్చును. ఎత్తు, ప్రక్క దూరము రెండును చూపు పటము ప్రతి యంత్రమునకు ఉండును. దానిని చూపుమని అడుగవలెను. చెట్టునకు బండికి నడుమ కాలువ ఉన్న తోటలలో ఈ కొలత మరింత ముఖ్యము.

మూడవది దారి. తోట గేటు వెడల్పు, దారిలోని తూము బలము, వంగియున్న కొమ్మల ఎత్తు, మలుపుల ఇరుకు చూడవలెను. 10 మీటర్ల ఎడమున ఎకరమునకు 40 చెట్లు నాటిన పాత తోటలలో కొమ్మలు కలిసిపోయి నడిమి దారి మూసుకొనిపోయియుండును. క్రింది కొమ్మలను ముందే తీసి దారి చేయనిదే బండి లోపలికి పోదు.

నేల పరీక్ష

బండి బరువంతయు నాలుగు జాకీ కాళ్ళపై నిలుచును. బుట్ట ఒక ప్రక్కకు చాచినప్పుడు బరువు నాలుగు కాళ్ళపై సమానముగా ఉండక, అటువైపు కాలిమీదకు ఒరుగును. ఒక లెక్క చూతము. ఒక కాలిపై 1,200 కిలోల బరువు పడినదనుకొందము. ఆ కాలి పాదము 15 సెంటీమీటర్ల చదరము. అనగా 225 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరునకు 5 కిలోలకు పైగా బరువు. తడిసిన నల్లరేగడి దీనిని భరించదు. అదే పాదము క్రింద 60 సెంటీమీటర్ల చదరము గల మందమైన చెక్కను వేసినచో వైశాల్యము 3,600 చదరపు సెంటీమీటర్లగును. బరువు సెంటీమీటరునకు కిలోలో మూడవ వంతునకు, అనగా పదునారవ వంతునకు తగ్గును. నాలుగు చెక్కలు ఎంత పని చేయునో దీనిని బట్టి గ్రహింపవచ్చును. చెక్క రెండు అంగుళములకు తగ్గని మందముతో, చీలికలు లేనిదై ఉండవలెను. దుంగలు, ఇటుకలు, రాళ్ళు పేర్చి వాడరాదు. అవి జారును, పగులును.

నేలను చూచునప్పుడు ఈ క్రింది చోట్లను సున్నముతో గుర్తు పెట్టవలెను.

పూడ్చిన గోతులు, పెరికిన చెట్ల మోడులు ఉన్న చోట్లు, పాత పాదులు. డ్రిప్పు గొట్టములు, బోరు మోటారు తీగలు పోవు చోట్లు. పాడుబడిన బావి అంచులు. ఎలుకలు, పందికొక్కులు తొలిచిన గట్లు. ఊరిలోనైనచో ఇంకుడు గుంతలు, మరుగుదొడ్డి గుంతలు, మురుగు కాలువపై పరచిన బండలు, మంచినీటి గొట్టములు. వీటి విషయము కొత్తగా వచ్చిన డ్రైవరునకు తెలియదు. తోటలో ఎక్కువ కాలము పనిచేసిన పాలేరునో, ఊరిలోని పెద్దవారినో అడిగినచో పూడ్చిన గోతులన్నియు బయటపడును. మేము ఆనాడు అడుగలేదు.

గట్టు అంచున గాని కాలువ ఒడ్డున గాని కాలు దింపవలసి వచ్చినచో, కాలువ ఎంత లోతు ఉన్నదో కనీసము అంత దూరము వెనుకకు జరుగవలెను. గునపమును చేతి బలముతో పొడిచినప్పుడు సులభముగా జానెడు దిగిన నేలపై బండిని నిలుపరాదు. తోటకు నీరు పెట్టుటను పనికి వారము ముందే ఆపవలెను. రాత్రి పెద్ద వాన కురిసినచో ఆ దినము పని వాయిదా వేయవలెను. ఈ వాయిదాకు అద్దె ఎంత అను విషయము ముందే మాట్లాడుకొనవలెను.

కరెంటు తీగలు

పనిచేయు చోటికి దగ్గరగా కరెంటు తీగ ఉన్నచో, ముందు విద్యుత్ శాఖవారితో మాట్లాడనిదే లిఫ్టును తేరాదు. అద్దె లిఫ్టు ఇనుముతో చేసినది. దానిచేయి గాని, కోసిన పచ్చికొమ్మ గాని తీగకు తగిలినచో కరెంటు మనిషిగుండ నేలకు దిగును. 11 కె.వి. తీగకు బుట్ట గాని, కొమ్మ గాని, చేతిలోని పనిముట్టు గాని 3 మీటర్లకంటె దగ్గరగా పోరాదు. అంతకంటె దగ్గర పని ఉన్నచో లైన్‌మాన్ వచ్చి సరఫరా నిలిపి, లైన్ క్లియర్ ఇచ్చిన తరువాతనే ఆరంభింపవలెను.

"ఇప్పుడు మన ఫీడరుకు కరెంటు రాని వేళ గదా" యని పని చేయుట పలువురికి అలవాటు. ఇది ప్రాణాపాయము. సరఫరా వేళలు మారవచ్చును. ఎవరో జనరేటరు నడపుటచే కూడ తీగలోనికి కరెంటు రావచ్చును. కరెంటు లేదని మనము అనుకొనుట వేరు, లేదని లైన్‌మాన్ చెప్పుట వేరు.

ఒకవేళ బండి తీగకు తగిలినచో బుట్టలోనివారు బుట్టలోనే ఉండవలెను. నేలమీది వారు బండిని ముట్టరాదు, 10 మీటర్ల లోపలికి పోరాదు. వెంటనే 1912 నంబరుకు ఫోను చేసి సరఫరా నిలిపించవలెను.

అద్దె మాటలు

నోటిమాటపై బండిని రప్పించుకొనరాదు. ఒక కాగితముపై ఈ విషయములు వ్రాయించుకొనవలెను.

1. అద్దె గంటకా, దినమునకా? దినమనగా ఎన్ని గంటలు? బండి బయలుదేరినప్పటి నుండియా, తోటకు చేరినప్పటి నుండియా?

2. రాకపోకల ఖర్చు, డీజిలు, నడుపువాని బత్తా అద్దెలో చేరినవా, వేరుగానా?

3. వాన వచ్చినను, బండి చెడిపోయినను అద్దె ఎంత?

4. నడుపువాడు ఆ యంత్రమును నడుపుటకు శిక్షణ పొందినవాడేనా?

5. యంత్రమును చివరిసారి ఎప్పుడు పరీక్షించిరి? బీమా ఉన్నదా? ఆ పత్రముల నకలు చూపుదురా?

6. బుట్టలో ఎంత బరువు ఎక్కింపవచ్చును? 200 కిలోలు అన్నచో అందులో ఇద్దరు మనుషులు, రంపములు, త్రాళ్ళు అన్నియు చేరవలెను. కోసిన కొమ్మలను బుట్టలో పెట్టుకొని దింపుటకు ఆ బుట్ట కాదు.

7. నడుమునకు, భుజములకు కట్టు బెల్టులు ఎవరు తెచ్చెదరు?

అద్దె తక్కువ చెప్పినవాడు వీనిలో సగమునకు జవాబు చెప్పలేకపోయినచో, అతని బండి చౌక కాదని తెలిసికొనవలెను.

పైకి పోవు కూలీకి బ్యాంకు ఖాతా ఉన్నచో, 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేర్పించుట మంచిది. 18 నుండి 70 సంవత్సరముల వయస్సు వారికి ఏడాదికి 20 రూపాయల ప్రీమియముపై, ప్రమాదవశమున మరణించినను, పూర్తిగా వికలాంగులైనను 2 లక్షల రూపాయలు లభించును. ఒక దినపు టీ ఖర్చునకు మించని ఈ సొమ్మును తోట యజమానియే చెల్లించుట న్యాయము.

పని దినమున

ప్రొద్దున గాలి తక్కువగా ఉండును గనుక పని పెందలకడనే ఆరంభింపవలెను. మన ప్రాంతములో కోత ముగిసిన తరువాత జూన్, జూలై నెలలలో కొమ్మలు తీయుట మంచిది. ఆగస్టు దాటినచో వచ్చు చిగురు ముదరక పూత తగ్గును. కాని ఈ నెలలలోనే నైరుతి గాలులు బలముగా వీచును. అనేక లిఫ్టులకు గాలి హద్దు గంటకు 45 కిలోమీటర్లు. కోతపనికి ఆ హద్దు చాలా ఎక్కువ. పెద్ద కొమ్మలు ఆగకుండ ఊగుచున్నచో అప్పుడే బుట్టను దింపవలెను.

బుట్ట లేచుటకు ముందు నాలుగు జాకీ కాళ్ళు చెక్కలపై నిలిచినవా, బండి మట్టముగా ఉన్నదా చూడవలెను. ఖాళీ బుట్టను ఒకసారి పైకెత్తి అన్ని ప్రక్కలకు త్రిప్పి, దింపి, చెక్కలు దిగినవేమో మరల చూడవలెను. యంత్రము ఆగిపోయినచో నేలమీద నుండి బుట్టను దింపు మీట ఒకటి ఉండును. దానిని వాడుట నడుపువానికే గాక నేలపై నున్న మరియొకనికి కూడ చూపించవలెను. నడుపువాడే పైన ఉన్న వేళ ఆ మీట తెలిసినవాడు క్రింద లేకపోయినచో ఇద్దరును పైననే చిక్కుకొందురు.

బుట్టలోనివారు బెల్టును పొట్టి త్రాటితో బుట్టలోని కట్టు కొక్కెమునకు కట్టుకొనవలెను; చెట్టుకొమ్మకు కట్టరాదు. బుట్ట కదలినచో కొమ్మకు కట్టుకొన్నవాడు లాగబడును. బుట్ట కడ్డీలపై ఎక్కి నిలబడుట, బుట్టనుండి కొమ్మపైకి కాలు పెట్టుట ఎట్టి పరిస్థితిలోను కూడదు. ఒక మూర అందనిచో బండిని జరుపవలెను గాని మనిషి జరుగరాదు. చెట్లెక్కుటకు అలవాటు పడిన కూలీలకు ఇది కష్టముగా తోచును. వారికి ముందే నచ్చజెప్పవలెను.

కొమ్మ పడు చోటు చుట్టు త్రాడు కట్టి పశువులను, పిల్లలను, పుల్లలేరుకొనుటకు వచ్చువారిని రానీయరాదు. కొమ్మ పొడవునకు రెండింతల దూరము ఖాళీగా ఉంచవలెను. బుట్ట కొమ్మకు ప్రక్కన ఉండవలెనేగాని క్రింద ఉండరాదు. పెద్ద కొమ్మను ఒకేసారి కోయక, కొననుండి ముక్కలుగా తీయుచు రావలెను.

కోత, కోత తరువాత

పెద్ద కొమ్మను మూడు గాట్లలో కోయవలెను. మొదటి గాటు మానునకు అడుగు దూరమున క్రింది వైపునుండి, కొమ్మ మందములో మూడవ వంతు వరకు. రెండవ గాటు దానికి కొంచెము బయటగా పైనుండి. కొమ్మ విరిగి పడునప్పుడు బెరడు చీలి మానువరకు రాకుండ మొదటి గాటు ఆపును. మిగిలిన మోడును మూడవ గాటుతో, కొమ్మ మొదట ఉబ్బెత్తుగా ఉన్న భాగమును గాయపరచకుండ తీసివేయవలెను.

కోసిన చోట బోర్డో పేస్టు పూయవలెను. మైలుతుత్తము ఒక కిలోను 5 లీటర్ల నీటిలోను, సున్నము ఒక కిలోను మరియొక 5 లీటర్ల నీటిలోను వేర్వేరుగా కలిపి, తరువాత రెండింటిని కలుపవలెను. మట్టి లేక ప్లాస్టికు పాత్రలనే వాడవలెను. ఇనుప పాత్ర పనికిరాదు. తయారైన పేస్టులో శుభ్రమైన ఇనుప కత్తిని ఉంచినప్పుడు దానిపై ఎర్రని పూత కనబడినచో ఇంకను కొంచెము సున్నము కలుపవలెను. దీనిని లిఫ్టు వచ్చునాటికే సిద్ధము చేసికొని, కోసిన వెంటనే బుట్టలోనుండియే పూయించవలెను. మరునాడు పూయుదమనుకొన్నచో మరునాడు లిఫ్టు ఉండదు. మరల మనిషి చెట్టెక్కవలసి వచ్చును.

గ్రామాధికారులకు

పాఠశాల ఆవరణలోను, రోడ్ల వెంటను, చెరువు గట్లమీదను ఉన్న పెద్ద చెట్ల విషయమున పై జాగ్రత్తలన్నియు వర్తించును. తుపానుల కాలమునకు ముందే, అనగా సెప్టెంబరులోపున ఎండిన, పుచ్చిన కొమ్మలను తీయించుట మేలు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నమును తాకిన హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతమును తాకిన తిత్లీ తుపాను ఎన్ని చెట్లను కూల్చినవో మనవారు మరువలేదు. తుపాను తరువాత లిఫ్టు దొరకుట కష్టము. దొరికినను నేల బురదగా ఉండి బండిని నిలుపుటకు వీలుపడదు.

చెట్టు ఎవరి ఆధీనములోని స్థలములో ఉన్నదో ముందు తేల్చుకొనవలెను. కొమ్మలు తీయుట వేరు, చెట్టును మొదలంట నరుకుట వేరు. నరుకవలసి వచ్చినచో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము (వాల్టా) క్రింద అనుమతి విషయమును ముందుగా విచారించవలెను. పాఠశాలలో పని సెలవు దినముననే పెట్టుకొనవలెను. రోడ్డుపై పని ఉన్నచో రెండు వైపుల మనుషులను నిలిపి రాకపోకలను ఆపవలెను.

లాభనష్టములు

రాకపోకలతో కలిపి ఒక దినమునకు 12,000 రూపాయలు ఖర్చగునని, లెక్క కొరకు మాత్రమే అనుకొందము. బండి వచ్చిన తరువాత ఏ కొమ్మ తీయవలెనని ఆలోచించుచు, దారి చేయుచు, చెక్కలు వెదకుచు ఉన్న తోటలో దినమునకు 6 చెట్లు అగుననుకొన్నచో చెట్టునకు 2,000 రూపాయలు పడును. ముందే కొమ్మలకు రంగు గుర్తులు పెట్టి, దారి చేసి, బండి నిలుపు చోట్లను నిర్ణయించి, పేస్టు సిద్ధము చేసికొన్న తోటలో 12 చెట్లు అయినచో చెట్టునకు 1,000 రూపాయలే. అద్దె తగ్గించుమని బేరమాడుటకంటె మన సిద్ధపాటు పెంచుకొనుట లాభము. ఇరుగుపొరుగు రైతులు ముగ్గురు నలుగురు కలిసి వరుసగా రెండు మూడు దినములకు తెప్పించుకొన్నచో రాకపోకల ఖర్చు పంచుకొనబడును. బదనికను కూడ అందరి తోటలలో ఒకేసారి తీసినట్లగును.

చివరకు ఒక మాట. లిఫ్టును ప్రతి సంవత్సరము తేవలసి వచ్చుచున్నదన్నచో మనము దానిని సరిగా వాడలేదన్నమాట. చెట్ల తలలను క్రమముగా తగ్గించి, ఆపైన ఏటేట కోత తరువాత నేలమీద నుండియే పొడుగు కర్ర రంపముతో సవరించుకొనుచు వచ్చినచో, 40 అడుగుల ఎత్తునకు మనిషిని పంపవలసిన పని మరల ఉండదు.

జాకీ కాలు దిగిపోయిన ఆ తోటలోని రైతు ఇప్పుడు అట్లే చేయుచున్నాడు. ఆయన చెట్లు 20 అడుగులకు మించి లేవు. ఆ నాలుగు చెక్కలను మాత్రము కొట్టములో భద్రముగా దాచియుంచినాడు. పొరుగువారెవరైనను లిఫ్టు తెప్పించుచున్నారని తెలిసినచో అడుగకముందే వాటిని బండిలో వేసికొని పోవును. "ముందు నేల చూసుకోండి బాబూ, చెట్టు ఎక్కడికీ పోదు" అని చెప్పి వచ్చును. రైతు సోదరులకు నేను చెప్పదలచినదియు అంతకుమించి లేదు.